పసుపు బిళ్ళల గీత

గోల్‌కీ మైదానం మధ్య గీతకీ నడుమ, ఈ అంచున ఒక పసుపు ప్లాస్టిక్ బిళ్ళ, ఆ అంచున ఒకటి పెడతారు. వాటి మధ్య గడ్డి తప్ప ఏమీ ఉండదు. గీత ఉన్నట్టు అనుకోవాలి. కీపర్ చేతిలోకి బంతి వచ్చినప్పుడూ, బంతి గోల్ పక్కనుంచి బయటికి పోయి గోల్ కిక్ వచ్చినప్పుడూ అవతలి జట్టు పిల్లలందరూ ఆ గీత దాటి వెనక్కి వెళ్ళి నిలబడాలి. కీపర్ తన జట్టులో ఒకరికి బంతి అందించాకే మళ్ళీ ముందుకు రావాలి. దాన్ని బిల్డ్-అవుట్ లైన్ అంటారు. ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలు బంతిని గుడ్డిగా తన్నేయకుండా, వెనకనుంచి ఒకరికొకరు అందించుకుంటూ ఆడడం నేర్చుకోవాలని ఆ నియమం పెట్టారు.

నియమం మంచిదే. దాన్ని అమలు చెయ్యాల్సినదాన్ని నేను. అదీ చిక్కు.

ఎవరినైనా తోస్తే విజిల్ ఊదుతాను. బంతి బయటికి పోతే విజిల్ ఊదుతాను. కానీ పిల్లలు గీత దాటి వెనక్కి వెళ్ళకుండా నిలబడిపోతే, వెంటనే విజిల్ ఊదడానికి అది ఫౌల్ కాదు. "వెనక్కి వెళ్ళండి" అని నోటితో చెప్పాలి. గట్టిగా, అందరికీ వినబడేట్టు, ఇంగ్లీషులో. మైదానం చుట్టూ మడత కుర్చీలు వేసుకుని కూర్చున్న ముప్ఫై మంది పెద్దవాళ్ళ ముందు.

నాకు పదిహేనేళ్ళు. పేరు అలివేలు. ఇక్కడ అందరికీ అల్లీని. తొమ్మిదో తరగతి సగం వరకు పర్చూరు దగ్గర మా ఊరి జిల్లా పరిషత్ బళ్ళో చదివాను. నాన్న ముందుగా సిడ్నీ వచ్చారు. ఏడాదిన్నర కిందట అమ్మా నేనూ వచ్చి ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఆయన్ని చేరాం. బళ్ళో రోజంతా కలిపి నేను మాట్లాడేది "యెస్", "థ్యాంక్యూ", "సారీ". మిగతాదంతా ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. ఎదుటివాళ్ళకి ఇవ్వాల్సిన జవాబులన్నీ అందులో ఉన్నాయి, తేదీలతో సహా.

విజిల్ ఇప్పించింది మా వీధిలోనే ఉండే ఉపేంద్ర అంకుల్. గుంటూరు ఆయన. వచ్చి పదహారేళ్ళయింది. పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బులో అండర్-నైన్ బ్లూస్ జట్టుకి కోచ్. వాళ్ళబ్బాయి ఆర్యన్ ఆ జట్టులో ముందు ఆడతాడు. చిన్నపిల్లల ఆటలకి రెఫరీగా పెద్ద పిల్లల్ని పెట్టుకుంటారని ఆయనే నాన్నకి చెప్పాడు.

"నోరు తెరవక్కర్లేదమ్మాయ్," అన్నాడు నాతో. "విజిలే మాట్లాడుద్ది. నీలాంటివాళ్ళ కోసమే పెట్టారా పని."

నేను నమ్మాను. అందుకే ఒప్పుకున్నాను.

మా క్లబ్బులో అండర్-నైన్ జట్లు రెండున్నాయి, బ్లూస్, గోల్డ్స్. ఏడాదిలో మూడుసార్లు ఒకళ్ళతో ఒకళ్ళు ఆడతారు. గోల్డ్స్ కీపర్ స్నేహ. మా వెనక వీధిలో ఉంటుంది. ఎనిమిదేళ్ళు. చేతులకి గ్లవ్స్ పెద్దవి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుంటుంది. వాళ్ళమ్మ నీలిమ ఆంటీ ఆ జట్టుకి కోచ్. ఎవరూ ముందుకు రాకపోతే ఆవిడే వచ్చింది. ఆట మధ్యలో పిల్లలకి పెట్టే నారింజపళ్ళు చాలా చక్కగా కోస్తుంది. ఫుట్‌బాల్ గురించి ఆవిడకి నాకంటే తక్కువ తెలుసు.

మొదటి ఆటలో బ్లూస్ ఏడు గోల్స్ కొట్టారు. రెండో ఆటలో ఆరు. ఈ వయసు ఆటలకి స్కోరు రాయకూడదని క్లబ్బు వాళ్ళు అంటారు. ఉపేంద్ర అంకుల్ ఫోన్లో రాసుకుంటాడు.

ఆ పదమూడు గోల్స్‌లో తొమ్మిది ఒకే తీరుగా వచ్చాయి. స్నేహ బంతిని నేలమీద పెడుతుంది. ఎవరికి ఇవ్వాలా అని చూస్తుంది. బ్లూస్ పిల్లలు గీత వెనక్కి వెళ్ళరు. పసుపు బిళ్ళకి నాలుగడుగులు ముందే, పరుగుపందెంలో లాగా ఒక కాలు ముందుకేసి నిలబడతారు. స్నేహ కాలు కదపగానే మీద పడతారు.

"ప్రెస్! ప్రెస్! ఆర్యన్, ఇంకా ముందుకి!" అని అంచునుంచి అంకుల్ అరుస్తాడు. స్నేహ ఆలస్యం చేస్తే, "కమాన్ స్నేహా, బస్సెళ్ళిపోతంది!" అంటాడు. కుర్చీల్లో నవ్వులు.

అప్పుడు నేనేం చేశానంటే, బిళ్ళ పక్కన నిలబడి బ్లూస్ పిల్లల వంక చూశాను. చూస్తే సిగ్గుపడి వాళ్ళే వెళ్తారనుకున్నాను.

ఈ మాట ఇక్కడ ఎవరికి చెప్పినా నవ్వుతారు. కానీ మా బళ్ళో అదే పద్ధతి. కబడ్డీ గీతలు సున్నంతో వేసేవాళ్ళం. గీత తొక్కినవాళ్ళు తామే చెయ్యెత్తి బయటికి నడవాలి. ఎవరూ చూడకపోయినా సరే. మా డ్రిల్ మాస్టారు కృష్ణమూర్తి గారు ఊరికే నిలబడి చూసేవారు. "ఈల నాది, సిగ్గు మీది," అనేవారు. నేను రెండేళ్ళు ఆడాను. ఆయన గీత గురించి అరవడం ఒక్కసారీ వినలేదు.

ఇక్కడ నేను చూస్తూ నిలబడితే, రెఫరీకి అభ్యంతరం లేదని పిల్లలు అనుకున్నారు. మరో అడుగు ముందుకొచ్చారు.

రెండో ఆట అయ్యాక స్నేహ గ్లవ్స్ తీసి నా కాళ్ళ దగ్గర పడేసింది. ఏడవలేదు. ముఖం మాత్రం ఎర్రగా ఉంది.

"యూ హావ్ టు సే ఇట్," అంది. "నేను చెప్తే వాళ్ళు వినరు. నువ్వు రెఫ్. యూ జస్ట్ స్టాండ్ దేర్."

నీలిమ ఆంటీ వచ్చి గ్లవ్స్ తీసుకుంది.

"ఏమనుకోకమ్మా, అలిసిపోయింది," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇంక రానంటోందే ఇది. బ్లూస్‌తో ఇంకో ఆట ఉందిగా, అదొక్కటీ ఆడు, అప్పటికీ వద్దనిపిస్తే మానేద్దువుగాని అన్నాను," అంది.

ఆవిడ నన్ను ఒక్క మాట కూడా తప్పు పట్టలేదు. తిట్టినా బాగుండేది.

మూడో ఆటకి అయిదు వారాలుంది. క్లబ్బు వాళ్ళు మొదట్లో ఇచ్చిన నియమాల కాయితం తీసి, నిఘంటువు పక్కన పెట్టుకుని, బిల్డ్-అవుట్ లైన్ గురించి ఉన్నదంతా డైరీలోకి తెలుగులో ఎక్కించుకున్నాను. నేను అనుకున్నదే రైటు. కీపర్‌కి బంతి వస్తే అవతలివాళ్ళు గీత వెనక ఉండాలి. రెఫరీ చెప్పాలి. చెప్పినా వినకపోతే ఆట ఆపి మళ్ళీ మొదలుపెట్టించాలి.

ఆ తర్వాత చెప్పడం నేర్చుకున్నాను. పెరట్లో బట్టల తీగ దగ్గర నిలబడి ఆరేసిన దుప్పటితో, "బ్యాక్, ప్లీజ్, బ్లూస్," అనేదాన్ని. మొదటివారం దుప్పటికి కూడా వినబడలేదు. మూడోవారానికి పక్కింటి కుక్క మొరిగింది. అది విని నాన్న బయటికొచ్చారు.

"ఏంటి తల్లీ, ఎవరితో?"

చెప్పాను. నాన్న తీగ మీది క్లిప్పులు సర్దారు.

"రూలు రూలే అనుకో," అన్నారు. "కానీ ఉపేంద్ర గారితో పేచీ పెట్టుకోకే. మనం దిగినరోజు ఎయిర్‌పోర్టుకి వచ్చింది ఆయనే. ఇల్లు చూపించింది ఆయనే. శనివారం నిన్ను గ్రౌండుకి తీసుకెళ్ళేదీ ఆయన కార్లోనే."

"పేచీ కాదు నాన్నా. వెనక్కి వెళ్ళమని చెప్పడం."

"అదేగా. పెద్దాయన్ని."

"ఆయన్ని కాదు, పిల్లల్ని."

"పిల్లలు ఎవరి మాట మీద నిలబడుతున్నారే అక్కడ?"

దానికి జవాబుగా ఆ రాత్రి డైరీలో తేదీ ఒక్కటే వేయగలిగాను.

మూడో ఆట రోజు పొద్దున్న గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. తెల్ల కాకటూ చిలకలు గోల్ మీద వాలి వల పీకుతుంటే తోలేసి ఆట మొదలుపెట్టాం. స్నేహ గ్లవ్స్ వేసుకుని వచ్చింది. నా వంక చూడలేదు.

మూడో నిమిషంలో గోల్ కిక్ వచ్చింది. బ్లూస్ పిల్లలు ఎప్పటిలాగే బిళ్ళ దాటి ముందుకొచ్చి కాళ్ళు ముందుకేశారు. నేను నోరు తెరిచాను. "బ్యాక్" అన్నాను. అన్నానని నాకు తెలుసు, ఎందుకంటే నోట్లోంచి పొగలా ఆవిరి వచ్చింది. మాట మాత్రం రాలేదు. స్నేహ తన్నింది, ఆర్యన్ కాలికి తగిలింది, గోల్.

రెండోసారీ అంతే. ఈసారి మాట బయటికి వచ్చింది గానీ "ప్రెస్! ప్రెస్!" కింద పడి నలిగిపోయింది. రెండో గోల్.

అయిదు వారాలు దుప్పటికి చెప్పిన మాట. ఏడుపొచ్చింది. నా మీద నాకే అంత కోపం ఎప్పుడూ రాలేదు.

మూడో గోల్ కిక్‌కి ఉపేంద్ర అంకుల్ ఊరుకోలేక మైదానంలోకే వచ్చేశాడు. చేతిలో కాఫీ కప్పు. పసుపు బిళ్ళ దాటి, ఆర్యన్ భుజాలు పట్టుకుని మరో రెండడుగులు ముందుకి జరిపాడు. "ఇక్కడ. ఇక్కడ నిలబడు. ఆ పిల్ల ఎడమ కాలితో తన్నలేదు," అన్నాడు. స్నేహకి వినబడేట్టే అన్నాడు.

స్నేహ తన ఎడమ కాలి వైపు చూసుకుంది.

నేను విజిల్ ఊదాను. ఇంకా బంతి కదలనే లేదు, ఊదాల్సిన పని లేదు. అయినా ఊదాను. అందరూ నిశ్శబ్దమయ్యారు. ఆ నిశ్శబ్దంలో నా గొంతు నాకే పరాయిదానిలా వినబడింది.

"బ్యాక్, ప్లీజ్, బ్లూస్. బిహైండ్ ద లైన్."

ఆరుగురు పిల్లలూ తిరిగి గీత వెనక్కి పరిగెత్తారు. అంతే. ఎవరూ ఎదురుచెప్పలేదు, ముఖం కూడా ముడుచుకోలేదు. ఎవరైనా చెప్తే వెళ్దామని ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నట్టు వెళ్ళారు. ఇంత తేలికా? మరి అన్ని గోల్స్ అయ్యేదాకా ఈ మాట ఎందుకు మింగాను?

అంకుల్ మాత్రం కదల్లేదు.

"ఏంటమ్మా అలివేలూ, ఏంటిది?" అన్నాడు నవ్వుతూనే. "ప్రతిదానికీ ఆపితే ఇంక ఆటేముంది? చిన్నపిల్లలు, ఆడుకోనీ."

"అంకుల్, మీరు కూడా."

"నేనా?"

"మీరు లోపలున్నారు అంకుల్. గీత వెనక్కి... అంటే, మైదానం బయటికి. దయచేసి."

దయచేసి అనే మాట నేను జన్మలో ఎవరితోనూ అని ఎరుగను. రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్‌లా వచ్చింది. ఆయన నవ్వు సగంలో ఆగింది.

"డాడ్," అన్నాడు ఆర్యన్ గీత వెనకనుంచి, "షీ సెడ్ బ్యాక్."

కుర్చీల్లో ఎవరో నవ్వారు. ఈసారి స్నేహని చూసి కాదు. అంకుల్ కాఫీ ఒలక్కుండా వెనక్కి నడిచి వెళ్ళి అంచున నిలబడ్డాడు.

ఇప్పుడు స్నేహ ముందు ఎవరూ లేరు. ఖాళీ గడ్డి. కావలసినంత సమయం. ఆమె బంతి సర్దుకుంది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. మూడడుగులు వెనక్కి వెళ్ళింది. తన్నింది. బంతి కుడికీ పోలేదు, ఎడమకీ పోలేదు. సరాసరి గీత మీద నిలబడ్డ ఆర్యన్ దగ్గరికి పోయింది. వాడే ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపోతూనే గోల్ కొట్టాడు.

అక్కడే కూలబడి గడ్డి పీక్కోవాలనిపించింది.

కానీ తర్వాతది ఎడమ కాలితో తన్నింది. మెల్లగా, పక్కనున్న పిల్లకి. ఆ పిల్ల ఇంకొకళ్ళకి. ఆ తర్వాత ఎవరో పడిపోయారనుకోండి, కానీ బంతి మధ్య గీత దాటింది. రెండు ఆటల్లో ఒక్కసారీ దాటని గీత. నీలిమ ఆంటీ కోస్తున్న నారింజపండు వదిలేసి చప్పట్లు కొట్టింది. నేను ప్రతిసారీ "బ్యాక్, ప్లీజ్" అన్నాను. ప్రతిసారీ వెళ్ళారు. అంకుల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కసారీ అరవలేదు.

అంతటితో ఆట అయిపోతే ఎంత బాగుండేదో.

ఇంక మూడు నిమిషాలుందనగా స్నేహ ఒక బంతిని రెండు చేతులతో పట్టుకుంది. బ్లూస్ పిల్లలు అలిసిపోయి తాపీగా గీత వైపు నడుస్తున్నారు, ఇంకా దాటలేదు. స్నేహ ఎవరి కోసమూ ఆగలేదు. బంతిని నేలమీద దొర్లించేసింది. ఎడమ అంచున వాళ్ళ జట్టు పిల్ల ఒంటరిగా ఉంది. ఆ పిల్ల బంతితో పరుగు తీసింది. ముందు ఎవరూ లేరు. కుర్చీల్లో జనం లేచారు.

నేను విజిల్ ఊదాను.

"వెయిట్. బ్లూస్ ఇంకా వెనక్కి వెళ్ళలేదు," అన్నాను. బంతి మళ్ళీ స్నేహకి ఇప్పించి, బ్లూస్‌ని గీత వెనక్కి పంపి, ఆట మళ్ళీ మొదలుపెట్టించాను. ఎంత గట్టిగా, ఎంత నమ్మకంగా చెప్పానో. మళ్ళీ ఆడితే ఏమీ కాలేదు. ఆట అయిపోయింది. మధ్యలో బ్లూస్ మామూలు ఆటలో కొట్టిన రెండూ కలిపి, అయిదు-సున్నా.

స్నేహ నావైపు చూసింది. ఆ చూపు ఏమిటో నాకు అర్థం కాలేదు. ఈసారి చెప్పాను కదా. ఇంకేం కావాలి?

అంకుల్ కార్లోనే ఇంటికి బయల్దేరాం. వెనక సీట్లో ఆర్యన్ సాసేజ్ శాండ్‌విచ్ తింటున్నాడు. మా ఇంటి ముందు అంకుల్ కారాపి, ఇంజన్ ఆపేశాడు.

"ఆ రూలు ఎక్కడుందో చూపించమ్మాయ్."

జేబులోంచి కాయితం తీసిచ్చాను. నాలుగు మడతలు పెట్టి పెట్టి చిరిగేలా ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చదివి, "ఊఁ" అన్నాడు. నాకు లోపల గర్వంగానే ఉంది. అబద్ధం ఎందుకు.

అప్పుడాయన కాయితం తిప్పాడు.

వెనకవైపు పైన పిజ్జా కొట్టు ప్రకటన ఉంటుంది. నాకు తెలుసు. మొదటిరోజే చూశాను. వెనకంతా ప్రకటనలే అనుకుని మళ్ళీ చూడలేదు. మా బళ్ళో జెరాక్స్ కాయితానికి రెండోవైపు ఎప్పుడూ పనికొచ్చేది ఉండేది కాదు. లెక్కలు చేసుకోవడానికి వాడుకునేవాళ్ళం.

"పిజ్జా కింద చదివావా?" అన్నాడు.

చదివాను. అవతలివాళ్ళు వెనక్కి వెళ్ళేదాకా కీపర్ ఆగనవసరం లేదు. ఆమె ఇష్టం. త్వరగా ఆడదలుచుకుంటే ఆడవచ్చు. ఆట ఆపకూడదు.

ఆట ఆపకూడదు అని ముద్దక్షరాల్లో ఉంది.

"మరా పిల్ల ఆడేసింది. నువ్వే ఆపావు," అన్నాడు అంకుల్. "బంగారంలాంటి ఛాన్సు. రూలు మాట్లాడితే పూర్తిగా మాట్లాడాలమ్మా."

ఆయన చెప్పింది నిజం. అది నిజం కావడమే నాకు మండిపోయింది. ఏడాదంతా అదే కాయితం ఆయన ఇంట్లోనూ ఉంది. కోచ్‌లందరికీ ఇచ్చారు. ఇది రాత్రికి డైరీలో రాసుకోవాల్సిన మాట. కానీ ఆ రోజు గొంతు అప్పటికే తెరుచుకుని ఉంది, మూయడం మరిచిపోయాను.

"రెండో వైపు నేను చదవలేదు అంకుల్. మొదటి వైపు మీరు చదవలేదు."

వెనక సీట్లో ఆర్యన్ శాండ్‌విచ్ అడ్డం పడి దగ్గాడు. నవ్వో దగ్గో తెలియలేదు. అంకుల్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మాటలొచ్చినయ్యే దీనికి," అన్నాడు చివరికి, ఎవరితోనో అన్నట్టు. "వచ్చే శనివారం ఏడున్నరకి రెడీగా ఉండు." కాయితం నాకు ఇచ్చేశాడు. సారీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇంట్లోకి వెళ్ళబుద్ధి కాలేదు. వెనక వీధిలోకి నడిచాను. నీలిమ ఆంటీ వాళ్ళ తలుపు కొట్టేముందు రెండుసార్లు వెనక్కి తిరిగాను. స్నేహే తలుపు తీసింది. సాక్సులతోనే ఉంది.

ఏం చెప్పాలో తెలియక కుడి చెయ్యి ఎత్తాను.

"వాట్ ఈజ్ దట్?" అంది.

"మా బళ్ళో గీత తొక్కినవాళ్ళు చెయ్యెత్తాలి. ఎవరూ చూడకపోయినా. ఇవాళ చివర్లో ఆట ఆపానే, అది తప్పు. నువ్వు ఆగక్కర్లేదు. నేను రూలు సగమే చదివాను."

స్నేహ తలుపుకి ఆనుకుంది.

"ఐ న్యూ ఇట్," అంది. "మమ్మీకి చెప్పాను. రెఫ్‌కి తెలుసులే అంది." తర్వాత, "సో, అది గోల్ అయ్యేది."

"అయ్యేదేమో."

"అయ్యేది."

"సరే. అయ్యేది."

ఆమె భుజం మీదుగా పెరటి తలుపులోంచి బట్టల తీగ కనబడింది. రెండు గ్లవ్స్ ఉతికి, వేళ్ళు కిందికి వేలాడేట్టు ఆరేసి ఉన్నాయి. నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

వచ్చేవారం వస్తావా అని అడగబోయాను. ఆమె నాకంటే ముందు మాట్లాడింది.

"నెక్స్ట్ టైమ్ ఫస్ట్ నుంచే గట్టిగా చెప్పు," అంది తలుపు వేస్తూ. "ఫస్ట్ రెండుసార్లు నాకు ఏం వినబడలేదు."